పాత కారుకు విద్యుచ్ఛక్తి

రెండవ ప్రపంచయుద్ధ కాలములో పెట్రోలు కరవైనప్పుడు తెలుగు జిల్లాలలో బొగ్గుబస్సులు నడిచినవి. బస్సు వెనుక ఇనుప పొయ్యి ఒకటి బిగించి, అందులో కట్టెబొగ్గును చాలీచాలని గాలిలో కాల్చెడివారు. అప్పుడు పుట్టిన వాయువులో ముఖ్యమైన భాగము కార్బన్ మోనాక్సైడు. దానిని పెట్రోలుకు బదులుగా ఇంజనులోనికి పంపెడివారు. బస్సు అదే, చక్రములు అవే, ఇంజను కూడ అదే. మారినది ఇంధనము మాత్రమే. యుద్ధము ముగిసి పెట్రోలు దొరకగానే ఆ పొయ్యిలు మాయమైనవి.

నేడు పాత కార్ల విషయములో మరొక మార్పు జరుగుచున్నది. ఇది ఇంధనముతో ఆగునది కాదు. ఇంజనునే పెకలించి తీసివేసి, దాని స్థానములో విద్యుత్ మోటారును, బాటరీలను అమర్చుదురు. దీనిలోని శాస్త్రము హైస్కూలు భౌతికశాస్త్రమును దాటదు. అయితే ఏ కారును మార్చుట లాభము, దేనిని మార్చుట వ్యర్థము అను ప్రశ్నకు సమాధానము ఉత్సాహమును బట్టి గాక, లెక్కను బట్టి చెప్పవలెను. ఆ లెక్కకు శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతమును ఉదాహరణగా తీసికొనవచ్చును.

క్రొత్త ఊహ కాదు

విద్యుత్తుతో నడచు కారు పెట్రోలు కారుకు తమ్ముడు కాదు, ఈడువాడు. 1899లో కామిల్ జెనాట్జి అను బెల్జియం దేశస్థుడు నడిపిన విద్యుత్ కారు, నేలపై నడచు మోటారు వాహనములలో మొదటిసారిగా గంటకు 100 కిలోమీటర్ల వేగమును దాటినది. 1900 ప్రాంతములో అమెరికాలోని కార్లలో సుమారు మూడవవంతు విద్యుత్తుతో నడచినవే. ఆ రోజులలో పెట్రోలు ఇంజనును కదిలించుటకు ముందు నిలబడి ఇనుపకడ్డీతో బలముగా త్రిప్పవలసి వచ్చెడిది. 1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చి ఆ బాధను తొలగించినది. ఒక చిన్న విద్యుత్ మోటారు సాయముతోనే పెట్రోలు కారు విద్యుత్ కారును వెనుకకు నెట్టినదన్నమాట.

అప్పుడు విద్యుత్ కారు ఓడిపోవుటకు అసలు కారణము మోటారు కాదు, బాటరీ. సీసపు బాటరీ కిలో ఒక్కంటికి 30 నుండి 40 వాట్-గంటల శక్తిని మాత్రమే దాచుకొనును. నేటి లిథియం బాటరీ, పెట్టెతోను తీగలతోను కలిపి తూచినను, కిలోకు 100 వాట్-గంటలకు పైగా ఇచ్చును. పాత కార్లను మార్చవచ్చునన్న ఆశకు ఆధారము ఈ తేడాయే.

తీసివేయునవి, ఉంచునవి

ఆంధ్రదేశములో పాత కారు అనగానే గుర్తుకు వచ్చునది అంబాసిడర్. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ నమూనాను అనుసరించి హిందుస్తాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో దీనిని తయారుచేసిరి. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014లో నిలిచిపోయినది. ఆఫీసర్లకు, టాక్సీవారికి, పెండ్లివారికి అర్ధశతాబ్దము పైగా సేవచేసిన బండి అది. దాని బరువు సుమారు 1,100 కిలోలు. ఇంజను ముందు ఉండును. పొడుగాటి ఇరుసు ద్వారా అది వెనుక చక్రములను త్రిప్పును.

ఇటువంటి కారును మార్చునప్పుడు ఇంజను, రేడియేటరు, పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు, పొగగొట్టము తీసివేయుదురు. గేరుపెట్టె, ఇరుసు, చక్రములు, స్టీరింగు సాధారణముగా అట్లే ఉండును. గేరుపెట్టె ముందు ఒక ఉక్కు పలకను బిగించి, దానికి మోటారును కలుపుదురు. మోటారు ఇరుసు, గేరుపెట్టె ఇరుసు ఒకే సరళరేఖపై ఉండవలెను. వెంట్రుకవాసి తేడా ఉన్నను బేరింగులు త్వరలో అరిగిపోవును.

మోటారుకు, బాటరీకి మధ్య నియంత్రకము ఉండును. డ్రైవరు పెడలును ఎంత నొక్కెనో గ్రహించి అది మోటారుకు అంత విద్యుత్తును వదలును. ప్రతి ఘటము యొక్క వోల్టేజిని, వేడిని కనిపెట్టి, హద్దు మీరినచో ప్రవాహమును ఆపివేయు మరొక పరికరము బాటరీలకు కావలెను. దీపములకు, హారనుకు పాత 12 వోల్టుల ఏర్పాటే ఉండును కాబట్టి, పెద్ద బాటరీ నుండి 12 వోల్టులు దింపి ఇచ్చు పరికరము ఇంకొకటి. వీటికి తోడు ఫ్యూజులు, అవసరమైనప్పుడు బాటరీని పూర్తిగా వేరుచేయు స్విచ్చి.

ఎంత శక్తి కావలెను?

సమతలమైన రోడ్డుపై సమవేగముతో పోవు కారును వెనుకకు లాగు బలములు రెండు: చక్రములు దొర్లుటలోని ఘర్షణ, గాలి నిరోధము. మనుష్యులతోను, బాటరీలతోను కలిసి కారు బరువు 1,500 కిలోలు అనుకొన్నచో, దొర్లుడు ఘర్షణ దాని భారములో సుమారు నూటికి ఒకటిన్నర వంతు, అనగా 220 న్యూటనులు. ఇది వేగముతో అంతగా మారదు. గాలి నిరోధము అట్లు కాదు. వేగము రెట్టింపైనచో అది నాలుగు రెట్లగును. అంబాసిడర్ వంటి గుండ్రని, ఎత్తైన బండికి గంటకు 50 కిలోమీటర్ల వేగమున అది సుమారు 120 న్యూటనులు, 80 కిలోమీటర్ల వేగమున సుమారు 310 న్యూటనులు ఉండును.

50 కిలోమీటర్ల వేగమున మొత్తము నిరోధము 340 న్యూటనులు. పని అనగా బలమును దూరముతో గుణించగా వచ్చునది. ఒక కిలోమీటరుకు 3,40,000 జౌళ్లు. అనగా ఒక యూనిటులో పదవవంతుకు కొంచెము తక్కువ. కరెంటు బిల్లులో కనిపించు యూనిటు 36 లక్షల జౌళ్లకు సమానమని విద్యార్థులకు తెలిసినదే. మోటారులో, గేర్లలో కలుగు నష్టము, ఎత్తులు, మలుపులు, ఆగి బయలుదేరుటలు కలుపుకొన్నచో కిలోమీటరుకు 0.16 యూనిటు పట్టునని లెక్క వేయుట క్షేమము.

ఇక మోటారు ఎంతటిది కావలెను? 60 కిలోమీటర్ల వేగమునకు చక్రముల యొద్ద 7 కిలోవాట్లు చాలును. నూరు అడుగులకు ఐదు అడుగులు లేచు ఎత్తును 40 కిలోమీటర్ల వేగముతో ఎక్కుటకు సుమారు 12 కిలోవాట్లు కావలెను. కాబట్టి నిలకడగా 15 కిలోవాట్లు, కొద్ది సెకండ్లపాటు దానికి రెట్టింపు ఇచ్చు మోటారు సరిపోవును. 15 కిలోవాట్లు అనగా 20 అశ్వశక్తులు. పెట్రోలు ఇంజనుకు ఇంతకంటె చాల ఎక్కువ అశ్వశక్తి ఉండును గదా అని సందేహము కలుగవచ్చును. ఇంజను తన పూర్తి శక్తిని అధిక వేగముతో తిరుగునప్పుడు మాత్రమే చూపగలదు. మోటారు నిలిచియున్న స్థితి నుండే పూర్తి త్రిప్పుడు బలమును ఇచ్చును. అందుచేత మార్చిన కార్లలో గేరు మార్చవలసిన అవసరము అరుదు.

బాటరీ లెక్క

పలాస నుండి టెక్కలికి సుమారు 30 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు 60 కిలోమీటర్లు, 0.16 చొప్పున 9.6 యూనిట్లు. బాటరీని అడుగంట వాడినచో త్వరగా చెడును గనుక నూటికి 80 వంతులు మాత్రమే వాడుట మంచిది. లిథియం-ఐరన్-ఫాస్ఫేటు ఘటము ఒక్కొక్కటి 3.2 వోల్టులు ఇచ్చును. 210 ఆంపియర్-గంటల ఘటములను 30 వరుసగా కలిపినచో 96 వోల్టులు, సుమారు 20 యూనిట్ల బాటరీ ఏర్పడును. అందులో వాడదగినవి 16 యూనిట్లు. అనగా 100 కిలోమీటర్ల ప్రయాణము. దీని బరువు సుమారు 180 కిలోలు. ఇదే శక్తి సీసపు బాటరీలలో కావలెనన్నచో సుమారు 600 కిలోలు మోయవలెను.

ఈ 100 కిలోమీటర్లు క్రొత్త బాటరీకి చెందిన సంఖ్య. కొన్ని సంవత్సరములకు బాటరీ శక్తి ఐదవవంతు తగ్గినచో అది 80 అగును. జాతీయ రహదారిపై 80 కిలోమీటర్ల వేగముతో పోయినచో ఖర్చు సుమారు ఒకటిన్నర రెట్లై, దూరము ఇంకను పడిపోవును. కాబట్టి ముసలి బాటరీని దృష్టిలో ఉంచుకొని లెక్క వేయవలెను. ఈ కారు విశాఖపట్నమునకు పనికిరాదు. పలాస నుండి అక్కడికి 180 కిలోమీటర్లకు పైమాటే.

పాత కారు నివసించు ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గు నుండి గంటకు సుమారు 3 యూనిట్లు తీసికొనవచ్చును. రాత్రి 4 గంటలలో టెక్కలి ప్రయాణపు శక్తి తిరిగి నిండును.

రోగుల ప్రయాణములు

ఉద్దానమున ఈ లెక్కకు ఒక ప్రత్యేకమైన విలువ ఉన్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలోని గ్రామములను దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంతో కాలముగా పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రము, ఆసుపత్రి ప్రారంభమైనవి. వ్యాధి ముదిరిన వారికి వారమునకు రెండు మూడు సార్లు రక్తశుద్ధి, అనగా డయాలిసిస్, జరుగవలెను. ఒక్కొక్క పర్యాయము సుమారు 4 గంటలు పట్టును. నీరసించిన మనిషి కిక్కిరిసిన బస్సులోనో, ఆటోలోనో ఎగుడుదిగుడులు భరించుచు రావలసి ఉండును.

ఈ ప్రయాణము యొక్క లక్షణములు గమనింపదగినవి. దూరము ఎప్పుడును అదే. రోజు, వేళ ముందుగానే తెలియును. వేగము అవసరము లేదు. కుదుపు, పొగ, చప్పుడు తక్కువగా ఉండుట అవసరము. అన్నిటికంటె ముఖ్యముగా, రోగి మంచముపై ఉన్న 4 గంటలు కారు నిలిచియే ఉండును. ఆ సమయమున ఒక 15 ఆంపియర్ల ప్లగ్గు దొరికినచో 12 యూనిట్లు తీసికొనవచ్చును. చార్జరులో పదవవంతు నష్టము పోగా మిగిలినది 65 కిలోమీటర్లకు పైగా చాలును. కవిటి వైపు నుండి వచ్చు కారుకు రానుపోను సుమారు 100 కిలోమీటర్లు. ముసలి బాటరీతో అది ఒంటిగా సాధ్యము కాదు. నడుమ ఈ 4 గంటల విద్యుత్తు దొరికినచో సాధ్యమగును. ఒక ప్లగ్గు ఉండుట, లేకుండుట అను చిన్న విషయముపై ఒక కారు పనికివచ్చుట, పనికిరాకపోవుట ఆధారపడియున్నది.

రోగిని ఎక్కించుకొను బండి దారిలో ఆగిపోరాదు. అందుచేత ఇంటికి చేరునప్పటికి బాటరీలో కనీసము ఐదవవంతు మిగులునట్లు చూచుకొనుట నియమముగా పెట్టుకొనవలెను.

బ్రేకులు, ఉప్పుగాలి, తుపానులు

మార్పిడిలో అందరును మోటారును గూర్చి మాటలాడుదురు. ప్రమాదము బ్రేకులలో ఉండును. చాలా పాత కార్లలో నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. బ్రేకునకు సాయపడు శూన్యపు డబ్బా ఉన్న నమూనాలలో ఆ శూన్యము ఇంజను నడచుట వలననే ఏర్పడును. ఇంజనును తీసివేసినచో ఆ సాయము పోవును. పెడలు రాయివలె గట్టిపడును. దానికొరకు విద్యుత్తుతో నడచు శూన్యపు పంపును అమర్చవలెను. మోటారును వెనుకకు పనిచేయించి వేగమును విద్యుత్తుగా మార్చుకొనవచ్చునుగాని, దానిని నమ్ముకొని బ్రేకులను ఉపేక్షించరాదు. 1,500 కిలోల కారు 50 కిలోమీటర్ల వేగము నుండి ఆగినప్పుడు విడుదలయగు శక్తి 0.04 యూనిటు మాత్రమే. బాటరీల బరువును సగము ముందు, సగము డిక్కీలో పంచవలెను; అంతయు వెనుకనే పెట్టినచో ముందు చక్రముల పట్టు తగ్గును.

సముద్రతీరమున మరొక శత్రువు ఉప్పుగాలి. నౌపడ ఉప్పుమడుల దగ్గర ఇనుప తలుపులు ఎంత త్వరగా తుప్పుపట్టునో అందరు ఎరిగినదే. రాగితీగల చివరలు క్షయించినచో అచ్చట నిరోధము పెరుగును. 150 ఆంపియర్లు ప్రవహించుచోట వెయ్యవవంతు ఓము నిరోధమున్నను 22 వాట్ల వేడి పుట్టును. అందుచేత తీగల కొనలకు తగరపు పూత, నీరు చొరని మూతలు, అప్పుడప్పుడు పరీక్ష తప్పనిసరి. 96 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ప్రాణాంతకము కాగలదు. దానిని విప్పుట శిక్షణ పొందినవారి పని.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమునకు చేరువలో తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు విద్యుత్ స్తంభములును కూలినవి. అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో ఉన్నవి. అటువంటి వేళ విద్యుత్ కారు రెండు ముఖములు చూపును. తగిన పరికరము ఉన్నచో నిండిన బాటరీ పది చిన్న ఎల్.ఇ.డి. దీపములను నాలుగైదు దినములు ఎడతెగక వెలిగించగలదు. కాని ఆసుపత్రికి పోవుటకు ఆ బాటరీని ఖర్చుచేసినచో తిరిగి నింపు మార్గముండదు. కాబట్టి తుపాను సూచన రాగానే బాటరీని నింపుట, రోగుల కొరకు పెట్రోలు లేదా డీజిలు బండి ఒకటి సిద్ధముగా ఉంచుట వివేకము.

పొగ ఎచ్చటికి పోయినది?

విద్యుత్ కారుకు పొగగొట్టము లేదు. అంతమాత్రమున పొగ లేదనరాదు. మన దేశమున విద్యుత్తులో అధికభాగము బొగ్గు నుండి వచ్చుచున్నది. థర్మల్ విద్యుత్ కేంద్రములు తమ చెంత వద్దని 2010లో సోంపేటలోను, 2011లో టెక్కలి దగ్గరి కాకరాపల్లిలోను జరిగిన ఆందోళనలు ప్రాణనష్టము వరకు పోయినవి. పొగ ఎవరి ఊరిలో పుట్టవలెను అను ప్రశ్న ఈ తీరవాసులకు క్రొత్తది కాదు.

లెక్క చూచినచో, పాత కారు లీటరుకు 10 కిలోమీటర్లు నడచుననుకొన్న, టెక్కలి ప్రయాణమునకు 6 లీటర్ల పెట్రోలు. దాని నుండి సుమారు 14 కిలోల కార్బన్ డయాక్సైడు. విద్యుత్ కారుకు ప్లగ్గు నుండి 10.7 యూనిట్లు, యూనిటుకు సుమారు 0.7 కిలో చొప్పున ఏడెనిమిది కిలోలు. మిగులు దినమునకు 6 కిలోలు. అయితే 20 యూనిట్ల బాటరీ తయారగునప్పుడే ఒక టన్ను నుండి రెండు టన్నుల వరకు కార్బన్ డయాక్సైడు వెలువడియుండును. ఏడాదికి 300 దినములు నడచు కారు ఆ అప్పును ఏడాది అటుఇటుగా తీర్చివేయును. ఆదివారము మాత్రమే బయటికి వచ్చు కారుకు ఆరేడేండ్లు పట్టవచ్చును. అప్పటికి బాటరీయే ముసలిదగును.

డబ్బు విషయమును ఇట్లే ఉండును. పెట్రోలు లీటరు 110 రూపాయలు, విద్యుత్తు యూనిటు 7 రూపాయలు అనుకొన్నచో, పై ప్రయాణమునకు ఒకవైపు 660 రూపాయలు, మరొకవైపు 75 రూపాయలు. మార్పిడికి కొన్ని లక్షలు ఖర్చగును. రోజును నడచు బండి ఆ మొత్తమును కొన్ని సంవత్సరములలో తిరిగి సంపాదించును. షెడ్డులో నిలిచియుండు బండి ఎన్నటికిని సంపాదించదు.

చట్టము, సంప్రదాయము

వీధిచివరి వర్క్‌షాపులో తోచినట్లు మార్చుకొనుటకు చట్టము ఒప్పుకొనదు. 2016లో కేంద్ర మోటారు వాహన నియమములలో చేసిన సవరణ ఈ మార్పిడికి దారి చూపినది. పూనాలోని ఆటోమోటివ్ పరిశోధన సంస్థ వంటి అధికార కేంద్రము పరీక్షించి ఆమోదించిన సామగ్రిని, అది ఏ నమూనాకు ఆమోదింపబడినదో ఆ వాహనమునకే అమర్చవలెను. తరువాత రవాణా కార్యాలయములో రిజిస్ట్రేషను పత్రమును మార్పించవలెను. ఇన్సూరెన్సువారికి తెలియజేయవలెను. హైదరాబాదులోని ఇట్రియో సంస్థ గత దశాబ్దపు చివరి సంవత్సరములలో మారుతి ఆల్టో, డిజైర్ వంటి కార్లను ఈ విధముగా మార్చుటకు పూనుకొన్నది. తరువాత అది సరుకులు మోయు మూడుచక్రముల విద్యుత్ బండ్లవైపు మొగ్గినది. ప్రతిదినము నియమితమైన దూరము తిరుగు బండికే ఈ విద్య బాగుగా అతుకునని దానివలన కూడ తెలియుచున్నది.

చరిత్రాత్మకమైన కార్ల సంగతి వేరు. 2017లో జాగ్వార్ కంపెనీ 1968 నాటి తన ఇ-టైప్ కారు నొకదానిని విద్యుత్తుకు మార్చి చూపినది. అయితే పాత ఇంజను ఉన్న చోటనే, అదే పరిమాణములో బాటరీని అమర్చినది. కోరినచో ఇంజనును తిరిగి బిగించవచ్చును. పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫీవా మాత్రము 2019లో, ఇట్లు మార్చిన కారును చారిత్రక వాహనముగా పరిగణింపజాలమని ప్రకటించినది. ఇంజను కూడ ఆ కాలపు విజ్ఞానమునకు సాక్ష్యమే గదా. అరుదైన నమూనాను చెడగొట్టి మోటారు పెట్టుట, శాసనమును చెక్కి రుబ్బురోలు చేసికొనుట వంటిది.

కాబట్టి ఏ పాత కారును మార్చవలెను అను ప్రశ్నకు సమాధానము ఇది: అరుదైనది, అప్పుడప్పుడు మాత్రమే కదలునది అయినచో దానిని ఉన్నది ఉన్నట్లు కాపాడవలెను. ఒడలు గట్టిగా ఉండి, ఇంజను మాత్రము అరిగి, దినదినము తెలిసిన దారిలో తెలిసిన దూరము తిరుగునది అయినచో మార్చవచ్చును.

ఈ లెక్కలోని మొదటి మెట్టును ఏ పాఠశాలలోనైనను పరీక్షించి చూడవచ్చును. చదునైన ఆవరణలో ఒక బాలుని సైకిలుపై కూర్చుండబెట్టి, స్ప్రింగు త్రాసుతో సైకిలును సమవేగముగా మెల్లగా లాగవలెను. త్రాసు చూపిన బలమును సైకిలు, బాలుల మొత్తము భారముతో భాగించినచో దొర్లుడు ఘర్షణ వంతు తెలియును. టైర్లలో గాలి తగ్గించి తిరిగి లాగినచో సంఖ్య ఎట్లు పెరుగునో చూడవచ్చును. పెట్రోలు బండియైనను, విద్యుత్ బండియైనను టైర్లలో గాలి సరిగా ఉండుట ఎంత ముఖ్యమో ఆ చిన్న త్రాసే చెప్పును.